బరంపురం గిరి గారు, కొలంబోలో నాలుగేళ్ళు

ఆగస్టు 10 వస్తే మన బరంపురంలో వి.వి. గిరి గారిని తలుచుకుంటాం. ఊరి బిడ్డ రాష్ట్రపతి అయ్యాడని పిల్లలకు చెప్పుకుంటాం. గిరి రోడ్డు మీదుగా రోజూ బడికి పోయే పిల్లవాణ్ణి అడిగినా, దేశానికి నాలుగో రాష్ట్రపతి అని టక్కున చెబుతాడు. కాస్త చదివినవాళ్ళు కార్మిక నాయకుడనీ, భారతరత్న వచ్చిందనీ కలుపుతారు. 1947 నుంచి 1951 దాకా ఆయన కొలంబోలో ఏం పని మీద ఉన్నారో మాత్రం మన ఇళ్ళలో పెద్దగా ఎవరూ మాట్లాడుకోరు. నాకు మాత్రం ఆయన జీవితంలో మనలాంటి వాళ్ళకు అన్నిటికంటే దగ్గరగా తగిలే ఘట్టం అదే అనిపిస్తుంది.

తరతరాలుగా ఒకచోట పని చేసుకుని బతుకుతున్న జనం ఏ దేశం వాళ్ళు? ఆ సంగతి తేల్చవలసింది ఎవరు? రెండు ప్రభుత్వాలు కూర్చుని మాట్లాడుకుంటే ఆ జనానికి మేలు జరుగుతుందా? కొలంబోలో గిరి గారి ముందున్న పని ఇదే. దాని దాకా రావాలంటే బరంపురం నుంచే మొదలుపెట్టాలి.

వరాహగిరి వెంకటగిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు, కాంగ్రెసు మనిషి. తల్లి సుభద్రమ్మ కూడా ఇంట్లో కూర్చున్న మనిషి కాదు. శాసనోల్లంఘన రోజుల్లో కల్లు, సారా దుకాణాలు మూయించాలని నడుం కట్టి అరెస్టయింది. గిరి గారి చదువు మన ఖల్లికోట కాలేజీలోనే సాగింది. అప్పటికి బరంపురం మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. తెలుగు, ఒడియా రెండూ ఒకే వీధిలో వినిపించే ఊరు. ఇప్పుడూ అంతే కదా.

ఆ రోజుల్లో గంజాం జిల్లా అంటే వలసల జిల్లా. గోపాలపురం రేవులో ఓడ ఎక్కితే రంగూనులో దిగేవాళ్ళు. మనవాళ్ళు రంగూను అనరు, రంగం అంటారు. పంట పోయినా, అప్పు పెరిగినా, అన్నదమ్ముల మధ్య తగవు వచ్చినా రంగమే దారి. గోపాలపురం, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి ఏటా వేల మంది పోయి, అక్కడి రేవులో బస్తాలు మోసి, రైసు మిల్లుల్లో పని చేసి, రిక్షాలు లాగి, మిగుల్చుకున్న నాలుగు రూపాయలతో తిరిగి వచ్చేవాళ్ళు. కోరంగి రేవు పేరు మీదుగా అక్కడ తెలుగువాళ్ళందరికీ కోరంగీలనే పేరు పడింది. అది గౌరవంగా పిలిచే పిలుపు కాదు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో తెలుగువాళ్ళు లక్షన్నరకు పైగా ఉన్నారు. వాళ్ళను తీసుకుపోయేది మేస్త్రీ. ముందు అప్పు ఇచ్చి, ఆ అప్పు తీరేదాకా కూలిలో కోసుకునేవాడు. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలోనే ఒక భాగం కాబట్టి పాస్‌పోర్టు లేదు, అనుమతి లేదు. విశాఖపట్నం పోయినట్టే రంగం పోయేవాళ్ళు.

గిరి గారు మాత్రం పడమటి దిక్కుకు ఓడ ఎక్కారు. 1913లో న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండు రాజధాని డబ్లిన్‌కు వెళ్ళారు. ఒక పక్క యూనివర్సిటీ కాలేజీ, మరో పక్క బారిస్టరు పట్టా కోసం కింగ్స్ ఇన్స్. అప్పటికి ఐర్లండు కూడా ఇంగ్లీషువాళ్ళ పాలనలోనే ఉంది, స్వరాజ్యం కోసం అక్కడా కుతకుతలాడుతోంది. కాలేజీలో ఆయనకు ఇంగ్లీషు సాహిత్యం చెప్పిన థామస్ మెక్‌డొనా కవి, తిరుగుబాటు నాయకుడు కూడా. 1916 ఈస్టరు తిరుగుబాటు తర్వాత మే 3న ఆయన్ను కాల్చి చంపారు.

డబ్లిన్‌లో ఉన్నప్పుడే గిరి గారూ తోటి భారతీయ విద్యార్థులూ కలిసి ఒక కరపత్రం వేశారు. దక్షిణాఫ్రికాలో భారతీయులు పడుతున్న పాట్ల మీద. అక్కడ 1913లో వలసల నియంత్రణ చట్టం వచ్చింది. కొత్తగా భారతీయులు రాకుండా అడ్డు, ఉన్నవాళ్ళు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పోవాలన్నా అడ్డు. ఒప్పందం గడువు తీరిన కూలీలు అక్కడే ఉండాలంటే ఏడాదికి 3 పౌన్ల పన్ను. ఆ ఏడాది నవంబరులో గాంధీ గారు వేల మంది గని కూలీలను వెంటబెట్టుకుని నటాల్ నుంచి ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటింది ఈ చట్టాల మీదే. నటాల్ చెరుకు తోటల్లో మద్రాసు రాజధాని నుంచి పోయిన తెలుగువాళ్ళు, గంజాం వాళ్ళతో సహా, చాలామంది ఉండేవారు. బరంపురం కుర్రవాడికి ఆ సంగతి కాగితం మీద చదివి తెలుసుకోవలసినది కాదు. ఆ కరపత్రం ప్రభుత్వ గూఢచారుల చేతిలో పడింది. అక్కణ్ణుంచి భారతీయ విద్యార్థుల మీద పోలీసుల కన్ను పెరిగింది.

ఈస్టరు తిరుగుబాటు తర్వాత విద్యార్థుల గదులు సోదా చేశారు. 1916 జూన్ 21న గిరి గారిని బారిస్టరుగా నమోదు చేసుకున్నారు. ఆ తర్వాత పది రోజులకు, జులై 1న, నెల రోజుల్లో ఐర్లండు విడిచి పొమ్మని నోటీసు వచ్చింది. బి.ఏ. పూర్తి కాలేదు. ఆయన పరాయి దేశస్థుడు కాదు, అదే చక్రవర్తి కింద ఉన్న ప్రజే. 1913లో ఇండియా నుంచి అక్కడికి పోవడానికి పాస్‌పోర్టు కూడా అక్కర్లేదు. రానిచ్చిన చేతులే పొమ్మన్నాయి. ఇరవై రెండేళ్ళైనా నిండక ముందే ఇది జరిగిన మనిషి, తర్వాత తన జీవితంలో ఎక్కువ భాగం ఉన్నచోటు నుంచి పొమ్మనిపించుకునే మనుషుల పక్షానే గడపడం యాదృచ్ఛికం అని నేను అనుకోను.

వచ్చాక ప్రాక్టీసు పెట్టారు, అనిబిసెంటు హోమ్‌రూలులో తిరిగారు, 1920లో సహాయ నిరాకరణకు ప్రాక్టీసు వదిలేశారు, జైలుకు పోయారు. ఇవన్నీ ఆ తరం నాయకుల జీవితాల్లో ఉండేవే. ఆయన దారి వేరుగా మళ్ళింది రైల్వే కార్మికుల దగ్గర. 1923లో అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ స్థాపకుల్లో ఒకరు, పదేళ్ళకు పైగా దాని ప్రధాన కార్యదర్శి. మన ఊరి మీదుగా పోయే రైలు దారి అప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వేది. దాని పెద్ద వర్క్‌షాపు ఖరగ్‌పూర్‌లో. అక్కడ తెలుగు కార్మికులు ఎందరో మన ఇళ్ళలో చాలామందికి తెలుసు, ఖరగ్‌పూర్‌లో పెదనాన్నో మేనమామో లేని కుటుంబాలు తక్కువ. 1927-28లో పనిలోంచి తీసేసినవాళ్ళ కోసం అక్కడ జరిగిన సమ్మెకు గిరి గారే నాయకుడు. ఆ 1927లోనే జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సమావేశానికి భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు. 1931లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికీ కార్మికుల తరఫునే. ఎ.ఐ.టి.యు.సి.కి రెండుసార్లు అధ్యక్షుడు.

ఇక రెండు తేదీలు చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. ఓడొనెల్ కమిటీ గీసిన గీతకు అటూ ఇటూ చర్చలు, మార్పులు జరిగాక బరంపురం, ఛత్రపురం ఒరిస్సాలోకి వచ్చాయి. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి మద్రాసులోనే మిగిలాయి. మన తాతలు ఎక్కడికీ వలస పోలేదు. ముందు రోజు రాత్రి పడుకున్న ఇంట్లోనే మర్నాడు లేచారు, అంతలో అల్పసంఖ్యాకులయ్యారు. సరిగ్గా ఏడాది తర్వాత, 1937 ఏప్రిల్ 1న, బర్మాను ఇండియా నుంచి విడదీశారు. గోపాలపురంలో ఓడ ఎక్కి రంగంలో దిగినవాళ్ళు, వాళ్ళకు తెలియకుండానే విదేశంలో ఉన్నవాళ్ళయ్యారు. రెండూ ఒకే రాజ్యాంగ సంస్కరణల కాలంలో, ఒకే లండన్ పార్లమెంటు గీసిన గీతలు.

ఈ రెండు గీతల మధ్య తేడా ఉంది. మనకు బళ్ళలో తెలుగు మాధ్యమం తగ్గింది, పరీక్షలకు, ఉద్యోగాలకు భాష అడ్డొచ్చింది. దాని మీద మన ఫిర్యాదు న్యాయమైనదే, ఇప్పటికీ తీరలేదు. కానీ మీ నాన్న ఎక్కడ పుట్టాడో కాగితం చూపించు, లేకపోతే ఓటు లేదు అని మనల్ని ఎవరూ అడగలేదు. రంగంలో ఉన్నవాళ్ళ గతి వేరు. 1930 మే నెలలోనే రంగూను రేవులో తెలుగు కూలీల సమ్మె మీద మొదలైన గొడవ తెలుగు, బర్మా కూలీల మధ్య కొట్లాటగా మారి వంద మందికి పైగా చనిపోయారు. తెల్లదొరల ఓడ కంపెనీలు సమ్మె విరచడానికి బర్మా కూలీలను పెట్టుకుని, సమ్మె తీరగానే వాళ్ళను వద్దనడంతో నిప్పు అంటుకుంది. కోపం పడింది మాత్రం కంపెనీల మీద కాదు.

బర్మా విడిపోయాక వలసల సంగతి రెండు ప్రభుత్వాల మధ్య బేరంగా మారింది. 1941 జులైలో ఇండియా తరఫున గిరిజాశంకర్ బాజపేయి, బర్మా ప్రధాని ఊ సా ఒక ఒప్పందానికి వచ్చారు. ఇకమీద బర్మా వెళ్ళాలంటే పాస్‌పోర్టు, పర్మిట్ కావాలి. కొందరికి గడువు లేని పర్మిట్, మిగతావాళ్ళకు గడువున్న పర్మిట్. అక్కడ ఉన్న లక్షల మందిని గానీ, ఇక్కడ ఆ డబ్బు మీద బతికే ఇళ్ళను గానీ అడిగి రాసింది కాదది. గాంధీ గారితో సహా దేశంలో చాలామంది తప్పుబట్టారు. ఒప్పందం పూర్తిగా అమలు కాకముందే డిసెంబరులో జపాను బాంబులు పడ్డాయి. 1942లో లక్షల మంది కాలినడకన అరకాన్ కొండల మీదుగా, అస్సాం అడవుల మీదుగా వెనక్కి వచ్చారు. దారిలో పోయినవాళ్ళకు లెక్క లేదు.

ఆ కాలంలో గిరి గారు ఎక్కడ ఉన్నారంటే, కొంత కాలం గద్దె మీద, ఎక్కువ కాలం జైల్లో. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాను ఆయన సొంత ఊళ్ళోనే ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు. ఆ గెలుపు కథ మన పెద్దవాళ్ళు ఎంత చెప్పినా తనివి తీరనట్టు చెప్పేవారు. 1939లో మంత్రివర్గం రాజీనామా, తర్వాత జైలు, బయటికి వచ్చాక క్విట్ ఇండియాతో మళ్ళీ జైలు, 1945 దాకా. 1946లో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వంలో మళ్ళీ కార్మిక మంత్రి. ఆ మరుసటి ఏడాది ఆయన్ను సిలోనులో భారత హైకమిషనరుగా పంపారు. స్వతంత్ర భారతం తరఫున ఆ పదవిలో మొదటి మనిషి ఆయనే.

రాయబారిగా ఒక కార్మిక నాయకుణ్ణి పంపడం ఊరికే జరగలేదు. సిలోనులో భారత సమస్య అంటే అప్పుడు తేయాకు తోటల సమస్యే. తోటల్లో కాఫీ కాలం నుంచి, అంటే వందేళ్ళకు పైగా, తమిళ జిల్లాల నుంచి కూలీలను తీసుకుపోతూ వచ్చారు. బర్మాకు మేస్త్రీ ఎలాగో సిలోనుకు కంగాణి అలాగ. మండపం క్యాంపులో వైద్యపరీక్ష, ధనుష్కోడిలో ఓడ, తలైమన్నార్‌లో దిగి తోట లైన్లకు. వాళ్ళలో ఎక్కువమంది తమిళులు, కొలంబోలో మాత్రం మలయాళీలు, కొద్దిమంది తెలుగువాళ్ళు కూడా పని చేసేవారు. 1946 లెక్కల్లో వీళ్ళంతా సుమారు 7 లక్షల 80 వేలు. అప్పటికే చాలామంది ఆ గడ్డ మీదే పుట్టినవాళ్ళు.

గిరి గారు వెళ్ళేనాటికే రెండు దేశాల మధ్య ముడి బిగిసి ఉంది. 1939లో సిలోను ప్రభుత్వం తన పనుల్లో ఉన్న భారతీయ రోజుకూలీలను తీసేయడం మొదలుపెట్టింది. దానికి బదులుగా ఆ ఆగస్టు 1 నుంచి నైపుణ్యం లేని కూలీలు సిలోను పోకుండా ఇండియా నిషేధం పెట్టింది. సిలోనుకు బుద్ధి చెబుదామని వేసిన అడ్డుకట్టలో ఇరుక్కున్నది చావుకో పెళ్ళికో సొంత ఊరికి వచ్చి తిరిగి తోటకు పోలేకపోయిన కూలీ. కొన్నేళ్ళకు ఆ నిబంధన సడలించారు. 1941లో చర్చలు జరిగి ఒక ముసాయిదా తయారైంది గానీ అమలుకు రాలేదు.

1947లో సిలోనులో జరిగిన ఎన్నికల్లో తోటల వాళ్ళ పార్టీ సిలోన్ ఇండియన్ కాంగ్రెస్ 7 సీట్లు గెలిచింది. మరికొన్ని చోట్ల వాళ్ళ ఓట్లు వామపక్షాలకు పడ్డాయి. ప్రధాని డి.ఎస్. సేనానాయకేకు అది నచ్చే సంగతి కాదు. కొండ ప్రాంతాల సింహళ రైతులకు భయం కూడా ఉంది. తమ భూములు పోయి తోటలు వచ్చాయి, తోటల్లోకి పరాయివాళ్ళు వచ్చారు, ఇప్పుడు ఓటు కూడా వాళ్ళదే అవుతుందా అని. ఆ భయం పూర్తిగా కల్పితం అని కొట్టిపారెయ్యలేం. ఒరిస్సా ఉద్యమం నాటి రోజుల్లో ఒడియా సోదరులు మన గురించి అనుకున్నదీ దీనికి బొత్తిగా దూరం కాదు.

1947 డిసెంబరులో సేనానాయకే ఢిల్లీ వచ్చి నెహ్రూతో మాట్లాడారు. తర్వాత నెలల తరబడి ఉత్తరాలు నడిచాయి. పేచీ ఎక్కడంటే, ఎన్నేళ్ళు ఉంటే పౌరసత్వం ఇవ్వాలి? పెళ్ళైనవాళ్ళకు 7 ఏళ్ళు, కానివాళ్ళకు 10 ఏళ్ళు అని సిలోను. అందరికీ ఒకే లెక్క, అదీ తక్కువ లెక్క ఉండాలని ఇండియా. భార్యాబిడ్డలు ఎక్కడ ఉండాలి, రాబడి ఎంత ఉండాలి, ఇలాంటివి మరికొన్ని. రెండు రాజధానుల మధ్య ఉత్తరాలు నడుస్తుంటే, కొలంబోలో మంత్రులను కలిసి మాట్లాడవలసినదీ, తోటల నుంచి వచ్చే సంఘాల గోడు వినవలసినదీ హైకమిషనరు ఆఫీసే. రైల్వే సమ్మెల్లో యాజమాన్యంతో బల్ల మీద కూర్చుని సగం సగం దగ్గరకు తీసుకొచ్చే అలవాటున్న మనిషి గిరి గారు. కోర్టులూ తీర్పులూ కాదు, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటే తేలుతుందన్నది ఆయన జీవితాంతం నమ్మిన సూత్రం. తర్వాత కేంద్ర మంత్రిగా ఉన్నప్పుడు దానికి గిరి పద్ధతి అని పేరే పడింది.

కొలంబోలో ఆ పద్ధతి పని చెయ్యలేదు. చిక్కు ఎక్కడుందంటే, సమ్మెలో బల్లకు ఒక పక్క కూర్చునేది కార్మికులే. ఇక్కడ బల్లకు రెండు పక్కలా కూర్చున్నవి ప్రభుత్వాలు.

1948 ఫిబ్రవరి 4న సిలోను స్వతంత్రమైంది. ఆ ఏడాదే పౌరసత్వ చట్టం చేసింది, నవంబరు 15 నుంచి అమలు. అక్కడ పుడితే చాలదు, తండ్రి కూడా అక్కడే పుట్టి ఉండాలి, లేదా తాతా ముత్తాతా పుట్టి ఉండాలి, దానికి రుజువు కావాలి. జనన ధృవపత్రాలు లేని కాలంలో కూలి లైన్లలో పుట్టినవాళ్ళు ఆ రుజువు ఎక్కణ్ణుంచి తెస్తారు? మన ఇళ్ళలోనే ముత్తాత పుట్టిన కాగితం ఎందరి దగ్గర ఉంది? తర్వాత వలసల రాకపోకల చట్టం వచ్చింది. 1949లో భారతీయ, పాకిస్తానీ నివాసుల పౌరసత్వ చట్టం వచ్చింది. దాని ప్రకారం పెళ్ళైనవాళ్ళు 1939 మొదటి నుంచీ, కానివాళ్ళు 1936 మొదటి నుంచీ అక్కడే ఉన్నట్టు చూపించాలి. మధ్యలో ఏడాదికి మించి ఊరికి పోయి ఉంటే పోయినట్టే. ఆ ఏడే ఎన్నికల చట్టం మార్చి, పౌరులు కానివాళ్ళకు ఓటు తీసేశారు. గెలిచిన 7 సీట్ల వెనక ఉన్న జనం ఒక్క దెబ్బకు ఓటరు జాబితాలో లేకుండా పోయారు.

ఇండియా ఏమందంటే, తరాలుగా అక్కడ బతికినవాళ్ళు అక్కడి వాళ్ళే, తమంతట తాము కోరుకున్నవాళ్ళు మాత్రమే మనవాళ్ళు అని. న్యాయంగా చూస్తే అది సరైన మాటే. కానీ సిలోను కాదంది, ఇండియా అవునని తెచ్చుకోలేదు. మధ్యలో మిగిలిన మనుషులు ఏ దేశానికీ చెందనివాళ్ళయ్యారు. మన రాజ్యాంగం 8వ అధికరణం 1949 నవంబరులో అమల్లోకి వచ్చింది. విదేశాల్లో ఉన్న భారత సంతతి వాళ్ళు అక్కడి భారత రాయబారి దగ్గర నమోదు చేసుకుంటే భారత పౌరులవుతారు. సిలోనులో ఆ రిజిస్టరు తెరిచి ఉన్నది గిరి గారి ఆఫీసులోనే. అందులో పేరు రాయించుకుంటే ఇండియా పాస్‌పోర్టు, సిలోను మీద ఆశ వదులుకోవడం. రాయించుకోకపోతే సిలోను ఇస్తుందన్న నమ్మకం లేదు. ఏ తోట కూలీకైనా ఎటు పొమ్మని సలహా చెప్పాలో చెప్పగలిగినవాళ్ళు ఆ రోజుల్లో ఎవరూ లేరనే అనుకుంటాను.

సిలోన్ ఇండియన్ కాంగ్రెస్ మొదట 1949 చట్టాన్ని బహిష్కరించి దరఖాస్తులు పెట్టవద్దంది. తర్వాత మనసు మార్చుకుని పెట్టమంది. గడువు 1951 ఆగస్టు. అంతా చివరి నెలల్లో పరుగులు. సుమారు 2,37,000 దరఖాస్తులు, వాటిలో 8 లక్షలకు పైగా మనుషుల పేర్లు. ఏళ్ళ తరబడి నలిగి చివరికి పౌరసత్వం దక్కింది సుమారు లక్షా 34 వేల మందికి. గిరి గారి కొలంబో పదవీకాలం ఆ 1951లోనే ముగిసింది. దీన్ని విజయం అని ఆయన మీద అభిమానంతో కూడా చెప్పలేం. ఒప్పందం కుదరలేదు.

తర్వాతి సంగతులు మీకు తెలిసినవే కాబట్టి త్వరగా చెబుతాను. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు, కేంద్ర కార్మిక మంత్రి పదవికి. బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పును ప్రభుత్వం తగ్గించినందుకు 1954లో రాజీనామా చేశారు. పదవి కంటే మాట ముఖ్యం అనుకున్న సందర్భాల్లో అదొకటి. 1957లో పార్వతీపురంలో ఓటమి, ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నరు పదవులు, 1967లో ఉపరాష్ట్రపతి. 1969లో స్వతంత్రంగా నిలబడి నీలం సంజీవరెడ్డి గారి మీద గెలిచి రాష్ట్రపతి. దేశపు అత్యున్నత పదవికి పోటీపడ్డ ప్రధాన అభ్యర్థులిద్దరూ తెలుగువాళ్ళు, అందులో ఒకరిది మన ఊరు.

ఆయన కొలంబోలో సాధించలేని ఒప్పందం, ఆయన కేరళ గవర్నరుగా ఉన్నప్పుడు కుదిరింది. 1964 అక్టోబరు 30న లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకే సంతకాలు పెట్టారు. మొత్తం 9,75,000 మంది. అందులో 5,25,000 మందిని ఇండియా తీసుకోవాలి, 3,00,000 మందికి సిలోను పౌరసత్వం ఇవ్వాలి, మిగిలిన 1,50,000 సంగతి తర్వాత. సిలోను నలుగురికి పౌరసత్వం ఇస్తే ఇండియా ఏడుగురిని తీసుకుపోవాలి, పదిహేనేళ్ళలో పూర్తి చెయ్యాలి. రెండు దేశాల స్నేహానికి అది మేలు చేసిందనే అంటారు. అప్పటికి పొరుగు దేశాలతో పేచీలు తగ్గించుకోవడం ఇండియాకు అవసరం కూడా. కానీ నలుగురికి ఏడుగురు అన్న లెక్కలో ఎవరు ఆ నలుగురు, ఎవరు ఆ ఏడుగురు అన్నది ఇళ్ళ దగ్గరకు వచ్చేసరికి అన్నదమ్ముల మధ్య, తల్లీ కూతుళ్ళ మధ్య తెగింది. తోటల సంఘాలను సంప్రదించలేదు. ఆ డిసెంబరులోనే తుపానుకు ధనుష్కోడి ఊరే తుడిచిపెట్టుకుపోయింది. తిరిగి వచ్చేవాళ్ళ ఓడ రామేశ్వరంలో ఆగవలసి వచ్చింది. అక్కడ దిగి, మండపం క్యాంపులో కొన్నాళ్ళు ఉండి, ఎప్పుడూ చూడని సొంత దేశంలోకి నడిచారు. కొందరికి నీలగిరిలో ప్రభుత్వ తేయాకు తోటల్లో, కొందరికి కేరళ పునలూరు రబ్బరు తోటల్లో పని దొరికింది.

మిగిలిన లక్షన్నర మంది సంగతి 1974 జనవరిలో తేలింది. ఆ ఏడాది గణతంత్ర దినోత్సవానికి సిరిమావో ఢిల్లీ వచ్చారు. ఆతిథ్యం ఇచ్చిన రాష్ట్రపతి గిరి గారు. ఆ రోజుల్లోనే ఇందిరాగాంధీ, సిరిమావో ఆ లక్షన్నరను చెరి సగం, 75 వేలు ఇటు, 75 వేలు అటు పంచుకున్నారు. పాతికేళ్ళ కింద కొలంబోలో అదే మనుషుల కోసం బల్ల దగ్గర కూర్చున్న మనిషి, ఇప్పుడు దేశాధినేత హోదాలో ఆ సంతకాలకు దగ్గర్లో ఉన్నారు. రాజ్యాంగం ప్రకారం ఆయన చేయగలిగింది ఏమీ లేదు. ఆ ఆగస్టులో పదవి నుంచి దిగారు. మరుసటి ఏడు భారతరత్న వచ్చింది.

ఈ మధ్య మన వీధుల్లో వీసా మాట వినపడని ఇల్లు లేదు. ఒకరి అబ్బాయి అమెరికాలో గ్రీన్ కార్డు కోసం లైన్లో ఉంటాడు, పక్క పల్లె కుర్రాడు గల్ఫులో వెల్డింగు పనికి పోయి ఉంటాడు, యజమాని దగ్గర పాస్‌పోర్టు ఇరుక్కుందని ఫోను వస్తుంది. రెండు దేశాల మంత్రులు చేతులు కలిపిన ఫొటో పేపర్లో చూసినప్పుడల్లా, లోపల రాసుకున్న కాగితంలో మనవాడి లైను ఎక్కడుందో చూడాలనిపిస్తుంది. అది గిరి గారి జీవితం చదివాక పట్టుకున్న అలవాటు.

ఆయన 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి రామేశ్వరం రేవులో ఓడ ఇంకా మనుషుల్ని దించుతూనే ఉంది. 1964 ఒప్పందం పెట్టిన పదిహేనేళ్ళ గడువు దాటిపోయింది, లెక్క పూర్తి కాలేదు. తర్వాత అక్కడ యుద్ధం వచ్చి ఓడ ఆగిపోయింది. ఇండియా రావలసినవాళ్ళ జాబితాలో పేరు ఉండి కూడా చాలామంది తోటల్లోనే ఉండిపోయారు, వాళ్ళ పిల్లలు అక్కడే పుట్టారు. 2003లో శ్రీలంక పార్లమెంటు ఒక చట్టం చేసి, మిగిలిపోయిన ఆ లక్షన్నరకు పైగా మందికి పౌరసత్వం ఇచ్చింది. అన్ని పార్టీలూ ఒప్పుకున్నాయి. గిరి గారు కొలంబోలో దిగి అప్పటికి యాభై ఆరేళ్ళు.